గడ్డం బ్రష్షే కదా అనుకోకండి!

రెండేళ్ళ క్రితం మా అల్లుడు లండన్ నుంచి వస్తూ నాకొక షేవింగ్ బ్రష్ తెచ్చాడు. "మామయ్యగారూ, ఇది బాడ్జర్ వెంట్రుకలది. జాగ్రత్తగా వాడుకోండి" అన్నాడు. ధర అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

జాగ్రత్త అన్నాడు కదా అని, గడ్డం గీసుకున్న వెంటనే దాన్ని తడితడిగానే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించేవాణ్ణి. నెల తిరక్కుండా గడ్డం కింద చీముపొక్కులు బయలుదేరాయి. బ్లేడు మార్చాను, సబ్బు మార్చాను. మా ఆవిడ పసుపు రాయించింది. తగ్గలేదు. చివరికి చర్మవ్యాధుల డాక్టరుగారి దగ్గరికి వెళితే, ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "బ్రష్ ఎక్కడ పెడతారు?" ఇంటికొచ్చి డబ్బా మూత తీస్తే ముక్కవాసన గుప్పుమంది!

మందుతో పొక్కులు తగ్గాయి. కాని అసలు తప్పు బ్రష్ ఎంపికలోనే ఉందని తరువాత తెలిసింది. మనలో చాలామంది గిన్నెలో నురగ చేసుకోరు. క్రీము నేరుగా బుగ్గకు రాసి బ్రష్ తిప్పుతారు. నాకొచ్చిన బ్రష్ కుచ్చు పొడుగ్గా, మెత్తగా ఉంది. అది గిన్నెకు పనికొచ్చేది. ముఖం మీద వాలిపోతుంటే నేను అదిమి రుద్దేవాణ్ణి. చర్మం కందిపోయేది. కందిన చర్మం మీద సూక్ష్మజీవులకు అడ్డేముంది?

ముఖం మీదే నురగ చేసుకునేవారికి కుచ్చు మొదలు దగ్గర 22 నుంచి 24 మిల్లీమీటర్ల లావు, సుమారు 50 మిల్లీమీటర్ల పొడవు ఉంటే సరిపోతుంది. వెంట్రుకలు ఒత్తుగా ఉండాలి. అరచేతికి ఆనించి నొక్కితే వంగాలి, వదిలితే లేచి నిలబడాలి. కొసలు గుచ్చుకోకూడదు. 'ప్యూర్' అని రాసివుంటే సాధారణంగా ముతక రకం; 'బెస్ట్' అంతకంటె మెత్తన; 'సిల్వర్ టిప్' అన్నిటికంటె మెత్తన. అయితే ఈ పేర్లకు ఒక కట్టుబాటంటూ లేదు, ఎవరి లెక్క వారిది. కనుక పేరు కాదు, చేతికి తగిలేదాన్ని నమ్మండి. జంతువుల వెంట్రుక వద్దనుకునేవారికి ఇప్పుడు మంచి సింథటిక్ బ్రష్షులున్నాయి. అవి త్వరగా ఆరతాయి కూడా.

ఇంకొక సంగతి. మా బావమరిదికి షుగరు వ్యాధి, దానికి తోడు పాత వస్తువుల పిచ్చి. మొన్న ఎక్కడో కొమ్ముపిడి బ్రష్ ఒకటి కొనుక్కొచ్చి, "బావా, వందేళ్ళనాటి విదేశీ సరుకు!" అని మురిసిపోయాడు. అప్పుడే ముఖానికి పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోను, అమెరికాలోను కొత్త బ్రష్షులు వాడినవారికి ఆంథ్రాక్స్ సోకింది. మన పల్లెల్లో పశువులకు వచ్చే దొమ్మరోగం అదే. బాడ్జర్ వెంట్రుక కరువై, దిగుమతి అయిన చవక గుర్రపు వెంట్రుకకు బాడ్జర్ రూపు తెచ్చి అమ్మారు. దాన్ని సరిగా శుద్ధి చేయకపోవడంతో రోగం బ్రష్ వెంట ముఖానికి వచ్చింది. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సూక్ష్మజీవి బీజాలు దశాబ్దాల తరబడి బతికి ఉండగలవు. "మరిగిస్తే పోదూ?" అన్నాడు బావమరిది. నాలుగు నిమిషాలు మరిగించి ధైర్యంగా ఉండటానికి లేదు. ఇప్పుడు పేరున్నవారు శుద్ధి చేసి అమ్మే కొత్త బ్రష్షులతో ఆ భయం లేదు. పాతదానితో పందెమెందుకు? అది ఇప్పుడు వాళ్ళింట్లో అద్దాల బీరువాలో ఉంది.

బ్రష్ ఎంత ఖరీదైనా దానికి కావలసిన సేవ స్వల్పం. మొదట గోరువెచ్చని నీళ్ళలో సబ్బుతో రెండు మూడుసార్లు కడిగితే కొత్త వెంట్రుక వాసన పోతుంది. మరిగే నీళ్ళు పోయకండి, వెంట్రుకా, జిగురూ రెండూ చెడతాయి. వాడాక నురగంతా పోయేలా కడిగి, విదిలించి, గాలి తగిలేచోట ఆరనివ్వండి. గడ్డం గీసేటప్పుడు గాటుపడటం మామూలే కనుక తండ్రీ కొడుకులైనా సరే, ఎవరి బ్రష్, ఎవరి బ్లేడు వారివే. పొక్కులు లేచినప్పుడు గడ్డం జోలికి పోకుండా డాక్టరుకు చూపించండి. షుగరున్నవారు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు.

మా అల్లుడి బ్రష్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. గిన్నెలో నురగ చేసుకుంటున్నాను. డబ్బాలో మాత్రం మా ఆవిడ సూదులూ దారాలూ పెట్టుకుంది.