ఈదీగా వచ్చిన కెమెరా: హిందూపురం నుంచి ధర్మవరం దాకా

రమజాన్ పండుగ కానుకలు మా ఇంట్లో ఏనాడూ పెద్దగా మారలేదు. పిల్లలకు కొత్త బట్టలు, పెద్దల చేతుల నుంచి అందే ఈదీ నోట్లు, ఆడపిల్ల అత్తవారింటికి పంపే సేమియా, ఖర్జూరం, ఒక అత్తరు సీసా. ఈ ఏడాది ఈదుల్ ఫిత్ర్‌కు మాత్రం ఆ వరుసలో ఎన్నడూ లేని వస్తువు ఒకటి హిందూపురంలోని మా గుమ్మం దాటి లోపలికి వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అల్లుడు, డిగ్రీ చదువుతున్న మా చిన్నబ్బాయికి కెమెరా పంపాడు. పెట్టె విప్పితే కెనాన్ 1500డి కెమెరా, దానితోపాటు వచ్చే 18-55 లెన్సు, ఛార్జరు, మెడకు వేసుకునే పట్టీ. వేరే సంచిలో తేలికపాటి స్టాండు, మెమొరీ కార్డు, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి. బిల్లు, వారంటీ కాగితం కూడా జాగ్రత్తగా మడిచి పెట్టాడు. కానుక ఇచ్చేవారు ధర తెలియకూడదని బిల్లు దాచుకోవడం మన మర్యాద. కానీ యంత్రం విషయంలో ఆ కాగితం లేకపోతే రేపు మరమ్మతు వచ్చినప్పుడు ఇబ్బంది పడేది పుచ్చుకున్నవాడే.

అంతటితో ఆగలేదు. ధర్మవరంలో ఉన్న మా అమ్మీ పంపిన ఈదీ, మేనమామలు ఇచ్చిన ఈదీ కలిపి అబ్బాయి 50 ఎం.ఎం. లెన్సు ఒకటి పాతది కొన్నాడు. “ఒకటి ఉండగా రెండోది ఎందుకు? ఇది దుబారా కాదా?” అని అడిగాను. “అబ్బా, దాదీ ఇంట్లో పగలు కూడా చీకటే. ఈ లెన్సు లేకుండా అక్కడ ఫోటో రాదు” అన్నాడు. నాకు అర్థం కాలేదు, ఊరుకున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా మదరసాలో పాఠాలు చెబుతున్నవాణ్ణి. మా గోడ మీద క్యాలెండరు సైతం బొమ్మ లేనిదే ఉంటుంది. ఛాయాచిత్రం విషయంలో పండితుల మధ్య చాలా కాలంగా చర్చ ఉంది. ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ, కెమెరా చేసేది కొత్త రూపాన్ని సృష్టించడం కాదనీ, ఉన్న నీడను పట్టి నిలపడమేననీ వాదించి దాన్ని అనుమతించారు. దేవ్‌బంద్ సంప్రదాయానికి చెందిన ముఫ్తీ ముహమ్మద్ షఫీ, చేత్తో గీసినా యంత్రంతో తీసినా ప్రాణి చిత్రం చిత్రమేననీ, తప్పనిసరి అవసరానికి తప్ప తగదనీ గ్రంథం రాశారు. నేను చదువుకున్నది రెండో మార్గం. అందుచేత ఆ పెట్టెను చూసి సంతోషించాలో, తిప్పి పంపమనాలో తేల్చుకోలేకపోయాను.

అలా ఉండగా పండుగ రాత్రి అమ్మీ ఫోన్ చేసింది. ఆమెకు ఎనభై దాటాయి. “పిల్లవాడికి కెమెరా వచ్చిందట కదా. పెనుకొండలో నేను పుట్టిన వీధి ఎలా ఉందో తీసుకుని రండి. నా మోకాళ్ళు ఇక బస్సు మెట్లు ఎక్కలేవు” అంది. ఫోటోల విషయంలో అమ్మీకి నేనొక పాత బాకీ ఉన్నాను. దాని సంగతి చివర చెబుతాను. ఆ బాకీ వల్లనే కాదనలేక, మర్నాడు కాక ఆ మర్నాడు అబ్బాయితో కలిసి బయలుదేరాను.

హిందూపురం

బయలుదేరక ముందే, మా ఊళ్ళోనే మొదటి పాఠం ఎదురైంది. పండుగ నాడు ఈద్‌గాహ్ వెలుపల ఫిత్రా దానం కోసం పేద స్త్రీలు బారులు తీరి కూర్చుంటారు. నమాజ్ ముగిసి జనం బయటికి వస్తున్నారు. ఒక వృద్ధురాలు కొంగు చాచింది. ఎవరో అందులో డబ్బు వేస్తున్నారు. అబ్బాయి కెమెరా ఎత్తాడు. నేను చేయి అడ్డం పెట్టాను.

“మంచి దృశ్యం అబ్బా” అన్నాడు.

“ఆమెను అడిగావా?”

వాడు కెమెరా దించాడు. కుడి చేతితో ఇచ్చేది ఎడమ చేతికి తెలియకుండా ఇవ్వాలన్న బోధ విన్నవాళ్ళం మనం. నేడు బియ్యం సంచి ఇచ్చినా, దుప్పటి ఇచ్చినా పుచ్చుకునేవారిని కెమెరా ముందు నిలబెడుతున్నాం. ఇచ్చినవాని పేరు నాలుగు రోజుల్లో మరుగున పడుతుంది. పుచ్చుకున్నవాని ముఖం మాత్రం ఎందరి ఫోన్లలోనో మిగిలిపోతుంది.

ప్రయాణం నాటి ఉదయం బస్సుకు ముందు పట్టుగూళ్ళ మార్కెట్టుకు వెళ్ళాం. బెల్లం, చింతపండు, మిరపకాయల వ్యాపారానికి పేరున్న మా ఊరికి ఈ మార్కెట్టు మరో గుర్తింపు. అక్కడి సిబ్బందిని అడిగి, వారు సరేనన్నాక అబ్బాయి పని మొదలుపెట్టాడు. ఒకవైపు పసుపు గూళ్ళు, మరోవైపు తెల్లని బైవోల్టిన్ గూళ్ళు. రైతు తెచ్చిన రాశిని కొనుగోలుదారు గుప్పెట పట్టి, నొక్కి చూసి, చెవి దగ్గర ఆడించి ధర చెబుతాడు. ఒక రైతు తన రాశి ముందు తానే నిలబడి “తీయప్పా, బాగా పండినాయి ఈసారి” అన్నాడు. ఆ ముఖంలోని తృప్తి చూశాక, ఫోటో అనేది అడిగి తీసుకున్నప్పుడు ఎదుటివాడు ఇచ్చే కానుక కూడా అని నాకు తోచింది.

పెనుకొండ

హిందూపురం నుంచి పెనుకొండకు బస్సులో వెళ్ళాం. మా మూడు ఊళ్ళూ 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. అంతకు ముందు అనంతపురం జిల్లావే. పెనుకొండ మండలంలో కార్ల కర్మాగారం వచ్చాక, 2019 నుంచి రోడ్డు మీద రద్దీ పెరిగింది. కొండ మాత్రం అలాగే ఉంది. బస్సు మలుపు తిరగగానే ముందు కనిపించేది అదే.

శాసనాలు ఘనగిరి అని పిలిచిన ఊరు ఇది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుపడితే తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి మార్చాడు. గగన్ మహల్ ముందు నిలబడితే కింద సుల్తానుల కట్టడాల్లో కనిపించే కమానులు, పైన గుడి శిఖరాన్ని తలపించే బురుజు. ఒకే గోడలో రెండు పద్ధతులూ కలిసి ఉన్నాయి. కట్టిన మేస్త్రీలు ఎవరో, ఏ ప్రార్థన చేసుకునేవారో, రాయి చూసి చెప్పలేం. కృష్ణదేవరాయల మంత్రి తిమ్మరుసు కళ్ళు పీకించి ఈ కోటలోనే బంధించారని జనశ్రుతి. ఆ కథ విన్నప్పటి నుంచి అబ్బాయి చాలాసేపు కెమెరా ముట్టుకోలేదు. చూపు అనేది ఎంత పెద్ద అనుగ్రహమో చెప్పడానికి నేను వేరే ఉపన్యాసం ఇవ్వనవసరం లేకపోయింది.

షేర్‌ఖాన్ మసీదు చూసుకుని, బాబయ్య దర్గా వైపు నడిచాం. హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్ పేరిట వెలసిన ఈ దర్గాకు ముస్లింలతోపాటు హిందువులూ వస్తారు. ఇక్కడి ఆచారాల గురించి నాకున్న అభిప్రాయాలు నా తరగతి గదిలో చెబుతాను. ఆ రోజు నా పని అది కాదు. దర్గా ఆవరణలో కష్టాలు చెప్పుకుంటూ కూర్చున్నవారి వైపు కెమెరా తిప్పవద్దని మాత్రం చెప్పాను. వాడప్పటికే దాన్ని సంచిలో పెట్టేశాడు.

అమ్మీ పుట్టిన వీధి అక్కడికి దగ్గరే. ఆమె చెప్పిన గుర్తులు మూడు: వేపచెట్టు, గుమ్మం ముందు పొడుగాటి రాతిమెట్టు, ఎదురుగా కొండ. ఇల్లు లేదు. దాని స్థానంలో సిమెంటు మేడ లేచింది. వేపచెట్టూ లేదు. రాతిమెట్టు మాత్రం మేడ పక్కన మురుగుకాలువ మీద వంతెనలా అడ్డంగా వేసి ఉంది. మధ్యలో అరిగి గుంట పడిన మెట్టు అది. అమ్మీ చెప్పిన గుంటే. ఇంటివారిని అడిగితే “మీ అమ్మగారి మెట్టా? తీసుకోండి సామీ, ఎన్నయినా తీసుకోండి” అని నవ్వి, మంచినీళ్ళు ఇచ్చారు.

అక్కడే ఒక పొరపాటు జరిగింది. మెట్టును దగ్గరగా తీయాలని, ఎండలో, గాలిలో వీధి మధ్య నిలబడి అబ్బాయి లెన్సు మార్చాడు. లెన్సు తీసినప్పుడు కెమెరా లోపలి భాగం బయటి గాలికి తెరుచుకుంటుంది. లోపలికి పోయిన నలుసు కంటికి కనిపించదు. కానీ ఆ తరువాత తీసిన ప్రతి ఫోటోలో, కొండ మీది ఆకాశంలో ఒకే చోట చిన్న నల్లచుక్క తేలింది. ఇలాంటి కెమెరా కానుకగా అందుకున్న పిల్లలకు ఇది గుర్తుండాలి: లెన్సు మార్చాలంటే గాలి లేని చోటికి వెళ్ళాలి, కెమెరా నోరు కిందికి వంచి పట్టుకోవాలి, త్వరగా ముగించాలి. నలుసు పడితే రబ్బరు బుడ్డితో ఊదాలి తప్ప నోటితో ఊదరాదు, గుడ్డతో తుడవరాదు.

ధర్మవరం

సాయంత్రపు రైలులో ధర్మవరం చేరాం. హిందూపురంలో గూడుగా చూసిన పట్టు ఇక్కడ పడుగుగా, పేకగా మారి మగ్గం మీద కనిపిస్తుంది. మా అబ్బా జీవితమంతా ఈ ఊళ్ళో పట్టునూలుకు రంగులద్దారు. అమ్మీ కండెలు చుట్టింది. నా చదువుకు మదరసాకు వెళ్ళిన రైలు టిక్కెట్టు ఆ కండెల డబ్బుతో కొన్నదే.

మర్నాడు ఉదయం అబ్బా స్నేహితుని కుమారుడైన ఒక నేతగాని ఇంటికి వెళ్ళాం. గుంట మగ్గం, పైన జకార్డు, దానికి వేలాడే రంధ్రాల అట్టలు. పైకప్పు పెంకుల సందులోంచి ఒక సన్నని వెలుగు నేల మీద గుండ్రంగా పడింది. అబ్బాయికి దాన్ని చూపించి చెప్పాను: సుమారు వెయ్యేళ్ళ కిందట బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఇబ్నుల్ హైసమ్ ఇలాంటి చీకటి గదినీ, చిన్న రంధ్రాన్నీ పరిశీలించే, సూర్యగ్రహణ సమయంలో ఆ వెలుగు నెలవంకలా ఎందుకు పడుతుందో వివరించారు. నీ చేతిలో ఉన్నది ఆ చీకటి గదే, మెడకు తగిలించుకునేంత చిన్నది అయింది.

వాడూ నాకొకటి చెప్పాడు. 18-55 లెన్సును 50 దగ్గర పెట్టినప్పుడు దాని ద్వారం 5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. కొత్తగా కొన్నది 1.8 వరకు తెరుచుకుంటుంది. అంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుగు లోపలికి వస్తుంది. “ఇప్పుడు చెప్పండి అబ్బా, దుబారానా?” కాదని ఒప్పుకున్నాను.

కానీ కెమెరా ఎత్తగానే నేతగాడు నాడె ఆపేశాడు.

“మౌల్వీ సాబ్, తప్పుగా అనుకోవద్దు. నా చేతులు తీయండి, మగ్గం తీయండి. ఈ అంచు మాత్రం వద్దు. కొత్త డిజైను. ఫోటో ఒకటి ఫోనెక్కిందంటే పండుగ లోపల పవర్‌లూమ్ మీద దిగుతుంది. మేము నెల పడే కష్టం వాళ్ళకు ఒక పూట.”

చీరతో సహా కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ పార్లమెంటు 1985లోనే చట్టం చేసింది. నేడు ఆ జాబితాలో 11 రకాలున్నాయి. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయినా ఆ ఇంట్లో అతని డిజైనుకు కాపలా అతని నోటిమాటే. అబ్బాయి అంచు మీద తెల్లగుడ్డ కప్పించి చేతులు మాత్రమే తీశాడు. ఆ తరువాత తనంతట తానే అన్నాడు: “పెళ్ళిళ్ళకు తీయడం మొదలుపెడితే ఆడవాళ్ళ ఫోటోలున్న కార్డు కూడా ఇలాంటిదే కదా అబ్బా.” అవును, అది అమానతే. కార్డులో చెరిపేసిన ఫోటోలను సైతం సాఫ్ట్‌వేరుతో తిరిగి రప్పించే వీలుంది. అందుకే వాడిన కార్డును ఎరువు ఇవ్వకూడదు, అమ్మకూడదు.

అమ్మీ ఇల్లు

మధ్యాహ్నం అమ్మీ మంచం మీద కూర్చుని కెమెరా తెర కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. ఇల్లు పోయిందని చెప్పడానికి నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె ఇంటి సంగతి అడగలేదు. రాతిమెట్టు దగ్గర ఆగింది. “ఈ గుంటలోనే మేము చింతగింజలు ఆడేవాళ్ళం” అంది. తరువాత కొండ ఫోటో. నల్లచుక్కను వేలితో తాకి, “గద్ద ఇంకా తిరుగుతోందే!” అంది. కంప్యూటరులో ఆ చుక్క తీసేస్తానని అంతకు ముందు అనుకున్న అబ్బాయి, ఉండనిస్తానని నా చెవిలో చెప్పాడు.

ఆ తరువాత ఆమె కెమెరాను ఒళ్ళో పెట్టుకుని, నా వైపు చూడకుండా, “మీ అబ్బాది ఒకటి ఉండేది” అంది.

అదే నా బాకీ. అబ్బా యౌవనంలో బెంగళూరు వెళ్ళినప్పుడు స్టూడియోలో దిగిన ఫోటో ఒకటి చట్రం కట్టి ఈ ఇంటి గోడకు ఉండేది. సనదు పుచ్చుకుని ఇంటికి వచ్చిన ఏడాది నేను దాన్ని దించి, చింపి, పొయ్యిలో వేశాను. అబ్బా ఏమీ అనలేదు. అమ్మీ కూడా అనలేదు. అబ్బా పోయి పాతికేళ్ళు దాటింది. ఓటరు కార్డు మీద గోరంత మసక బొమ్మ ఉండేది, అదీ అరిగిపోయింది. నా చిన్నబ్బాయి తన తాతను ఏనాడూ చూడలేదు.

గోడకు చిత్రపటం తగిలించకూడదని నేను ఇప్పటికీ బోధిస్తాను. కానీ ఆ ఫోటో నాది కాదు. తస్వీర్ అధ్యాయం చదివినవాణ్ణి, అదే ఫిఖ్హ్ గ్రంథంలో ‘గస్బ్’ అధ్యాయం ఉందని మరిచాను. యజమాని అనుమతి లేకుండా అతని వస్తువు తీసుకోవడం, పాడు చేయడం పాపమనీ, నష్టపరిహారం చెల్లించవలసి ఉంటుందనీ ఆ అధ్యాయం నేను ఏటా పిల్లలకు చెబుతాను. ఈద్‌గాహ్ దగ్గర “ఆమెను అడిగావా?” అని అబ్బాయిని నిలదీసినవాణ్ణి, ఆనాడు అమ్మీని అడగలేదు.

ఆ మాట అమ్మీకి చెప్పాను, ముప్పై ఏళ్ళు ఆలస్యంగా. “క్షమించు అమ్మీ” అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. “నీకు చదువు కొత్త అప్పుడు” అంది. తరువాత మనవడి వైపు తిరిగి, “నా డబ్బులతో కొన్నది ఏదిరా? దానితో తీయి నన్ను” అంది. తల మీద కొంగు సర్దుకుని, పక్కనున్న కండె చేతిలోకి తీసుకుంది. కిటికీలోంచి వచ్చే కొద్దిపాటి వెలుగు ఆ లెన్సుకు సరిపోయింది.

సాయంత్రం బజారులోని స్టూడియోలో మూడు ఫోటోలు కాగితం మీద అచ్చు వేయించి నేనే డబ్బు చెల్లించాను: రాతిమెట్టు, గద్ద ఉన్న కొండ, కండెతో అమ్మీ. ఆమె వాటిని కవరులో పెట్టి, తన ట్రంకు పెట్టెలో అబ్బా టోపీ పక్కన ఉంచి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది.