వేటకుక్కపిల్ల నెన్నుకొనుట

మా ముందరి చావడిలో మా మామగారి ఛాయాచిత్రమొకటి కలదు. భుజమున రెండుగొట్టముల తుపాకి, కాలియొద్ద వ్రేలాడు చెవుల స్పానియల్ కుక్క, వెనుక పాలేరు చెరువు. ఈ పటమును చూచి చూచి మా చిన్నవాడు పదునాలుగవ యేట నన్నడిగెను: "అమ్మా, తాతయ్య కుక్కలాంటిది నాకూ ఒకటి కావాలి. దాన్ని తీసుకొని అడవికి పోతాను."

మా యూరు పాల్వంచ దాటి భద్రాచలము పోవు త్రోవకు లోపలగా, కిన్నెరసాని యేటికి సమీపముననున్నది. ఇంటివెనుక మామిడితోట; తోట దాటినచో ఇప్ప, తునికి, టేకుచెట్ల యడవి. అందుచేత పిల్లవాని కోరిక ఉబుసుపోక మాటగా తోచలేదు. వేట మాట మొదటనే తేల్చివేసితిని. మా మామగారు చెరువులపై బాతులను, పొదలలో పూరేళ్ళను కొట్టినది 1972వ సంవత్సరమునకు పూర్వము. ఆ యేట వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేటను కట్టడి చేసినది. 1991 నాటి సవరణతో లైసెన్సు వేటయు ముగిసినది. ఆ చట్టములో వేటయనగా చంపుట మాత్రమే కాదు. తరుముట, పట్టుట, ఉచ్చులొడ్డుట సైతము వేటయే. కుక్క నుసికొలిపి దుప్పిని తరిమించినవాడును నేరస్థుడే. ఇదంతయు వినిపింపగా పిల్లవాడు కొంతసేపాలోచించి, "తుపాకి వద్దులే, దుర్భిణి చాలు. పక్షుల్ని చూస్తాను" అనెను. తుపాకి లేని వేటగానికి తోడుగా వేటకుక్కను వెదకుట అప్పుడు మా పనియైనది.

సోదరీమణులకు ఈ జాతినిగూర్చి రెండు మాటలు. స్పానియల్ మృగముపైబడి చీల్చు జాగిలము కాదు. అది తుపాకి దూరము దాటకుండ ముందు నడచుచు, పొదలో దాగిన పక్షిని లేవగొట్టి, కొట్టిన పక్షిని నీటినుండియైనను తెచ్చి యజమాని చేతికీయవలెను. తెచ్చునపుడు పంటిగాటు పడరాదు. ఈ మెత్తని నోరే దాని పెద్ద గుణము. ఇంగ్లండులో పూర్వము ఒకే యీతలో పుట్టిన పిల్లలలో చిన్నవానిని కాకరులనియు, పెద్దవానిని స్ప్రింగరులనియు పిలుచుచుండిరట. తరువాతనే అవి వేరు జాతులుగా లెక్కకు వచ్చినవి. మన పట్టణములలో దొరకునవి చాలవరకు కాకరులు. అందును అందమునకై పెంచినవి. వాని రోమము నేలకు జీరాడును. పల్లేరుకాయలకును గడ్డిముండ్లకును అంతకంటె అనువైన వస్తువు వేరొకటి లేదు.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. మొదటి పిల్లను నేను కన్నులు చూచి కొంటిని. హైదరాబాదులో ఒక వర్తకుని యొద్ద, బుట్టలో, బంగారువన్నె రోమముతో, తడికన్నులతో నన్ను చూచుచుండెను. తల్లి ఎక్కడనంటిని, ఊరిలో లేదనెను. వయస్సెంతయంటిని, రెండు నెలలనెను. పసిబిడ్డకు రవిక కొనునపుడైనను నాలుగు దుకాణములు తిరుగుదుము గదా, ప్రాణమున్న దానిని పది నిమిషములలో కొని యొడిలో పెట్టుకొని వచ్చితిని. మా పశువైద్యులు దాని పండ్లు చూచి, అయిదు వారములకంటె నుండదనిరి. తల్లిపాలు మానకమునుపే తెచ్చినారు. మూడవనాడు తిండి మానినది, పిమ్మట వాంతులు, రక్తవిరేచనములు. పార్వో యను నీ రోగము 1978 ప్రాంతమున లోకమంతట బయలుదేరినదట. తొమ్మిదవనాటి వేకువజామున ఆ పిల్ల నా చీరచెరగులోనే ప్రాణము విడిచినది. చిన్నవాడు రెండు పూటలు అన్నము ముట్టలేదు. నన్నొక్క మాటయు అనలేదు, అన్నచో బాగుండెడిది.

ఆ రోగబీజము మట్టిలో నెలల తరబడి బ్రతికియుండునని వైద్యులు చెప్పుటచే, వాకిలియంతయు బ్లీచింగు పొడి నీళ్ళతో కడిగించి ఏడాది ఆగితిమి. ఆ యేడాదిలోనే మా యత్తగారు పటములోని కుక్క కథ నాకు చెప్పినది. అందరును అది మహావేటకుక్క యనుకొందురు. నిజమునకు పటములోనున్నది రెండవదట. మొదటిదానిని పిల్లగానుండగనే మా మామగారు చెరువుగట్టునకు తీసికొనిపోయి, అలవాటు చేయుటకని దాని నెత్తిపైననే తుపాకి పేల్చిరి. అది తోక ముడిచి నాలుగు మైళ్ళు పరుగెత్తి యింటికి వచ్చి వంటయింటి గాదె క్రింద దూరినది. దానిని బయటకు లాగి కొట్టిరి. "ఆ దెబ్బతో అది వాళ్ళ కుక్క కాకుండా పోయింది, నా కుక్క అయింది. పదకొండేళ్ళు నా పొయ్యి దగ్గరే ఉంది. సినుకు ఉరిమినా నా కొంగులో తల పెట్టేది" అని మా యత్తగారనెను. భారతమున జనమేజయుని తమ్ములు ఏ తప్పును చేయని కుక్కపిల్లను కొట్టగా, దాని తల్లి సరమ సభకు వచ్చి న్యాయమడిగిన కథ ఆమెకు నోటికి వచ్చును. రెండవ కుక్కకు మాత్రము మామగారు బుద్ధిగా, అన్నము పెట్టువేళ దూరముగా పళ్ళెము మ్రోగించుటతో ప్రారంభించి, మ్రోతను దినదినము దగ్గర చేసి, నెలలు గడచిన పిదపనే తుపాకి చూపిరట.

ఈ కథ విన్నపిదప ఎన్నుకొనుటయనగా నేమో నాకు కొంత తెలిసినది. ఖమ్మములో ఒక యింట ఏడు పిల్లలు పుట్టినవని వినబడగా, నేను మూడు పర్యాయములు పోయితిని. మొదటిమారు పిల్లలను చూడనేలేదు, తల్లినే చూచితిని. క్రొత్తవారు వచ్చినపుడు మొరిగినది, యజమానురాలు ఊరకుండుమనగా ఊరకున్నది, పిమ్మట వచ్చి నా చేయి మూచూచినది. నాకదియే చాలును. పిరికి తల్లి చెంత పిల్లలు పిరికితనమే నేర్చుకొనును. ఆ పిల్లలు వంటయింటి ప్రక్క వసారాలో, గిన్నెల మ్రోతల నడుమ, బిడ్డల చేతులలో పెరుగుచుండెను. ఇది చిన్న సంగతి కాదు. అమెరికాలో బార్ హార్బరునందు స్కాట్, ఫుల్లర్ అను పండితులు అయిదు జాతుల కుక్కలను చాలకాలము పరిశీలించి 1965లో గ్రంథము వెలువరించిరి; ఆ జాతులలో కాకరు ఒకటి. మూడవ వారము మొదలు పండ్రెండవ వారమువరకు కుక్కపిల్ల మనుష్యులతో పొందు నేర్చుకాలమని వారు కనుగొనిరి. ఆ కాలమంతయు మనుష్యస్పర్శ లేక దొడ్డిలో పెరిగినది పిమ్మట ఎంత ముద్దుచేసినను బెదురు మానుట కష్టము.

రెండవమారు చిన్నవానిని వెంట తీసికొనిపోయితిని. వాడు బంగారువన్నె పిల్లనే చూపెను. అది తోబుట్టువులను కరచి గిన్నె మొత్తము తానే ఆక్రమించుచుండెను. ఇంకొకటి మూలనుండి కదలలేదు. నేను పదియడుగుల దూరమున స్టీలుగ్లాసు జారవిడిచితిని. అన్నియు ఉలికిపడినవి. ఉలికిపడుట తప్పు కాదు. తరువాత నేమి చేయునో చూడవలెను. మూలనున్నది మరింత ముడుచుకొన్నది. నలుపుతెలుపుల ఆడపిల్ల యొకటి, క్షణమాగి, మెల్లగా వచ్చి గ్లాసును మూచూచి, మూతితో దొర్లించినది. చేతిరుమాలు ఉండచుట్టి విసరితిని. పోయి కరచుకొని, దారిలో రెండుమారులు మరచి, ఎట్టకేలకు చిన్నవాని కాలియొద్ద పడవేసినది. ఒడిలో వెల్లకిల పరుండబెట్టగా కొంత పెనుగులాడి ఊరకున్నది. ఈ పరీక్షలు జాతకముకంటె గొప్పవని నేననను. తల్లియు పెంపకమునే నేనెక్కువ నమ్ముదును. కన్నులలో పుసి, చెవులలో దుర్వాసన, కడుపుబ్బు లేకుండుట చూచితిని. ఈ జాతిలో వంశపారంపర్యముగా చూపు పోవు జబ్బు కలదు గనుక తల్లిదండ్రుల కన్నులనుగూర్చి అడిగితిని. ఆ యింటావిడ విసుగుకొనలేదు సరికదా, ఎండలో ఎక్కడ కట్టుదురు, రాత్రి ఎక్కడ పరుండబెట్టుదురని నన్నే ఎదురడిగెను. అట్లడుగువారి యొద్దనే కొనవలెనని నా యభిప్రాయము.

మూడవమారు, ఎనిమిది వారములు నిండి, మొదటి టీకా పడిన పిదప, తెచ్చుకొంటిమి. మా యత్తగారు సరమ యని పేరు పెట్టినది.

పోషణ సంగతి కొంచెము దాపరికము లేకుండ చెప్పెదను. మే మాసమున మా ప్రాంతపు వేడి 45 డిగ్రీలు దాటును. కుక్కకు మనవలె చెమటపట్టి చల్లబడు నేర్పులేదు, రొప్పుటయే దిక్కు. రోమము కురుచగా కత్తిరించి, సూర్యోదయమునకు ముందే త్రిప్పవలెను. అడవియంచున గోమార్లు విస్తారము. వానివలన ప్రాణాంతకమైన జ్వరము వచ్చును గనుక వైద్యుని మందు నెలనెల వాడవలెను, దినదినము చెవులు విప్పి చూడవలెను. రాత్రి బయట గొలుసుతో కట్టినచో చిరుతకు పళ్ళెములో పెట్టినట్లే. ఉల్లిపాయ వేసిన కూర పెట్టరాదు. ఈ పని యంతయు ఎవరు చేయుదురో సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. పిల్లవాడు దుర్భిణి తుడుచుకొనును. చెవులు తుడుచునది నేను. మా తోటలో పనిచేయు కోయదొరల యింటి యిల్లాలు దీనిని మొదట చూచి నవ్వి, "అమ్మా, మా కుక్కకి ఈ చెవులుంటే ముళ్ళల్లోనే ఉండిపోవును" అనెను. ఆమె మాట నిజము. దినమునకు రెండుగంటల తీరిక లేనివారు ఊరకుక్కపిల్లనే ప్రేమతో తెచ్చుకొనుడు. ఎండకును ముంటికిని అది పుట్టుకతోనే సిద్ధము.

దాని జాతిగుణము మాత్రము పోలేదు. వేకువను కంచె అవతల అడవికోడి కూసినచో సరమ ముక్కు వణకును, ఒడలు బిగియును. త్రాడు వదలినచో నేలపై గూడుకట్టిన పక్షియెల్ల లేచిపోవును గనుక చిన్నవాడు అడవియంచున త్రాడు విడువడు. అది నిలిచి వెనుదిరిగి వానిని చూచును. వాడు దుర్భిణి యెత్తును. పిమ్మట తోటలోనికి తెచ్చి త్రాడు విప్పి, గుడ్డ యుండను దాచి వెదకించును. ఆ వెదకుటలో దాని ముఖము చూడవలసినదే.

మొన్న ప్రాతఃకాలమున గుడ్డయుండ కొరకు గడ్డివామి క్రింద దూరి, మా నాటుకోడి దొంగచాటుగా పెట్టిన గ్రుడ్డు నొకదానిని నోట కరచుకొని, చిన్నవానిని దాటి, నన్ను దాటి, తిన్నగా వంటయింటిలోనికి పోయి మా యత్తగారి యెదుట నిలిచినది. ఆమె చేయి చాచగా అందులో విడిచినది. ఆమె దీపమునకెదురుగ పెట్టి త్రిప్పి త్రిప్పి చూచెను. ఎక్కడను చిట్లలేదు. "మీ మామయ్య ఉండుంటే" అని యేదియో అనబోయి, గ్రుడ్డును కడిగి బుట్టలో పెట్టి, సరమకు ఇడ్లీ ముక్కయొకటి వేసి, మరల పిండి రుబ్బుటకు కూర్చుండెను.