కొబ్బరి మోసిన బండ్లు బొమ్మలయ్యేదెప్పుడు?

పాలకొల్లు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది క్షీరారామలింగేశ్వరుడి గుడి, తొమ్మిదంతస్తుల గాలిగోపురం. తర్వాత కొబ్బరి. ఆ తర్వాత సినిమావాళ్లు... అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ అందరూ ఈ గడ్డ మీద పుట్టినవాళ్లే. ఈ జాబితాలో ఎవరూ చేర్చని పేర్లు కొన్నున్నాయి. అవి మనుషుల పేర్లు కావు. మూడు చక్రాల టెంపో, మెటాడోర్, స్టాండర్డ్ 20, ఆల్విన్ నిస్సాన్! ఈ ఊరి కొబ్బరికాయల్నీ ధాన్యం బస్తాల్నీ అరటి గెలల్నీ ఏళ్ల తరబడి మోసింది ఇలాంటి బండ్లే. పెళ్లికి గుండిగలు తెచ్చిందీ, పెళ్లయ్యాక కొత్త కాపురానికి బీరువా, మంచం చేరవేసిందీ అవే.

ఇప్పుడవి ఎక్కడున్నాయి? చాలావరకు కాటాకెళ్లిపోయాయి. మిగిలినవి ఏ షెడ్డు వెనకో, తుప్పుపట్టి, టైర్లు లేకుండా ఇటుకల మీద నిలబడి ఉంటాయి. కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావనుకుంటారు. కానీ స్కేల్ మోడల్ కిట్ల పిచ్చి ఉన్నవాళ్ల కంట పడితే మాత్రం కథ వేరు.

స్కేల్ మోడల్ అంటే దుకాణంలో దొరికే ఆటబొమ్మ కాదు. అసలు బండిని కొలిచి, ప్రతి కొలతనూ ఒకే లెక్కన తగ్గించి చేసేది. 1:24 అంటే అసలులో ఇరవైనాలుగో వంతు. నాలుగున్నర మీటర్ల వ్యాను పందొమ్మిది సెంటీమీటర్లకు కాస్త తక్కువగా తేలుతుంది. కిట్ అయితే ముక్కలు విడివిడిగా పెట్టెలో వస్తాయి. వాటిని ప్లాస్టిక్ చట్రం నుంచి తుంపి, అంచులు నున్నగా గీకి, జిగురు పెట్టి అతికించి, రంగులేసి, నీళ్లలో తడిపిన స్టిక్కర్లు అంటించాలి. ఇంటిల్లిపాదికీ వేసవి సెలవుల్లో సగం అందులోనే గడిచిపోతుంది. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్, జపాన్‌లో తమియా, జర్మనీలో రెవెల్ ఈ పనిలో పేరున్న కంపెనీలు. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుని తమియా 1:35లో చేసింది. ఫోక్స్‌వ్యాగన్ పాత వ్యానుని రెవెల్ 1:24లో చేసింది. యుద్ధానికెళ్లిన బండికి కిట్ ఉంది. షికారుకెళ్లిన బండికీ ఉంది. పొద్దస్తమానం కొబ్బరి మోసిన బండికే లేదు!

గట్టు మీద బతుకు

ఈ ప్రాంతంలో చిన్న వ్యానుకి అంత గిరాకీ ఎందుకొచ్చిందో తెలియాలంటే కాలవ దగ్గరికెళ్లాలి. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాక డెల్టా అంతటా కాలవలు అల్లుకున్నాయి. అవి పొలాలకు నీళ్లివ్వడమే కాదు, సరుకుల రహదారులు కూడా. పాలకొల్లు మీదుగా పోయే నరసాపురం కాలవలో పడవలే ఒకప్పటి లారీలు. లాకుల దగ్గర తలుపులు తెరిచేదాకా ఆగి, నీటిమట్టం సమానమయ్యాక ముందుకు సాగేవి. తీరిక ఉన్న కాలం కాబట్టి సరిపోయింది.

తర్వాత రోడ్లొచ్చాయి. అయితే ఎక్కడ వేశారు? కాలవ గట్ల మీదే! ఒకవైపు నీళ్లు, మరోవైపు చేను, మధ్యలో సన్నటి దారి. ఎదురుగా ఎడ్లబండి వస్తే ఎవరో ఒకరు ఆగాల్సిందే. కొబ్బరితోటలోకి దారి ఇంకా ఇరుకు. పెద్ద లారీ రోడ్డు దిగి లోపలికెళితే మళ్లీ బయటికొస్తుందన్న నమ్మకం లేదు. తోటలో దింపు తీసిన కాయను ఊళ్లోని కొట్టుకు చేర్చడానికి ఎడ్లబండి కన్నా వేగంగా, లారీ కన్నా ఒద్దికగా ఉండే బండి కావాలి. ఆ ఖాళీలోకి వచ్చినవే ఈ బుల్లి బండ్లు.

వాటిలో మూడు చక్రాల టెంపోది ముందువరస. ముందు ఒకే చక్రం, దానిమీద పందిముట్టెలాంటి పొడవాటి ముక్కు, వెనక తొట్టి. అసలు పేరు హాన్సియాట్. పుట్టిల్లు జర్మనీలోని హాంబర్గ్, తయారుచేసింది విడాల్ అండ్ సోన్ అనే కంపెనీ. ఎన్.కె.ఫిరోదియా 1958లో స్థాపించిన బజాజ్ టెంపో దాన్ని మనదేశానికి తెచ్చింది. సుమారు 400 సీసీల టూ స్ట్రోక్ ఇంజిను ముందు చక్రాన్నే తిప్పుతుంది. పొగ, చప్పుడు రెండూ దండిగా ఉంటాయి. చిత్రమేమిటంటే పుట్టింట్లో 1950ల్లోనే దాని తయారీ ఆగిపోయింది. మెట్టినింట మాత్రం దాదాపు 2000 సంవత్సరం దాకా కొనసాగింది. ఏ కంపెనీదైనా సరే చిన్న సరుకుల బండిని మనవాళ్లు ‘టెంపో’ అనేయడం దాని చలవే.

కిట్ చేస్తే అన్నిటికన్నా ముందు చేయాల్సింది దీన్నే అని మోడల్ ప్రియులు అనొచ్చు. జర్మన్లు తమ టెంపోలకు చిన్న చిన్న నమూనాలు చేసుకున్నారు కూడా. కానీ గోదావరి జిల్లాల వరకూ మొదటి ఓటు మెటాడోర్‌కే పడాలి.

దాని గొప్పతనం బయటికి కనిపించదు. ఇంజిను ముందు చక్రాలనే తిప్పుతుంది కాబట్టి వెనక చక్రాల దాకా పోయే ఇరుసు కడ్డీ తొట్టి కింద ఉండదు. అందుకే తొట్టి నేలకు దగ్గరగా ఉంటుంది. బస్తా భుజాన వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా లోడు ఎత్తే జట్టు మనిషికి ఆ జానెడు తేడా ఎంతో తెలుసు. రోజుకి వందసార్లు ఎత్తాల్సిన చోట జానెడు తగ్గితే నడుముకి అంత సుఖం. తర్వాతి రకాల్లో మెర్సిడెస్ బెంజ్ ఓఎమ్ 616 డీజిల్ ఇంజిను వచ్చింది... 2.4 లీటర్లది. బెంజి కారు ఎక్కని ఊళ్లో బెంజి ఇంజిను కొబ్బరి మోసిందన్నమాట!

లోపమూ అక్కడే ఉంది. వెనక బరువు పెరిగేకొద్దీ ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది. వానాకాలంలో బురద ఏటవాలు ఎక్కాలంటే ముందు చక్రాలు పట్టు దొరక్క గిరగిరా తిరుగుతాయి. వశిష్ఠ గోదావరి మీద చించినాడ దగ్గర వంతెన లేని రోజుల్లో రాజోలు వైపు నుంచి సరుకు ఇటు రావాలంటే రేవు దాటాలి. రేవంటే ఇసుక, బురద, ఎత్తుపల్లాలు. అలాంటి చోట తిప్పలు తప్పవు. బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కిస్తే బరువు ముందు చక్రాల మీదికి మళ్లి పట్టు దొరుకుతుంది. ఈ కిటుకు ఏ కంపెనీ పుస్తకమూ చదవకుండానే డ్రైవర్లకు పట్టుబడుతుంది.

స్టాండర్డ్ 20 గురించి రెండు ముక్కలు చాలు. బ్రిటన్‌లో 1958లో వచ్చిన స్టాండర్డ్ అట్లాస్ వ్యానుకి మద్రాసు రూపం అది. గుండ్రటి మొహం, అమాయకపు చూపు. బొమ్మగా చేస్తే పిల్లలకు ముందు నచ్చేది బహుశా ఇదేనేమో.

జహీరాబాద్ జపాన్ బండి

ఇక మన సొంత బండి. తెలుగునేల మీద తయారైన వ్యాను ఒకటుందని నేటి పిల్లలకే కాదు, చాలామంది పెద్దలకూ గుర్తులేదు. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ పేరు చెబితే ఫ్రిజ్జులూ చేతి గడియారాలూ గుర్తొస్తాయి. బస్సు బాడీలు కట్టిందీ, పుష్పక్ స్కూటర్ చేసిందీ కూడా వాళ్లే. 1980ల్లో జపాన్ కంపెనీలు ఒక్కసారిగా మన చిన్న లారీల మార్కెట్ మీద పడ్డాయి. టయోటా డీసీఎంతో, మిత్సుబిషి ఐషర్‌తో, మాజ్దా స్వరాజ్‌తో చేతులు కలిపాయి. నిస్సాన్ మాత్రం ఆల్విన్‌ని ఎంచుకుంది. నాటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ వెలిసింది. నిస్సాన్ క్యాబ్‌స్టార్ అక్కడ ఆల్విన్ నిస్సాన్‌గా అవతారమెత్తింది.

నాలుగు జోడీలూ ఇలా బరిలో దిగుతుండగానే, 1986లో టాటా 407 వచ్చింది. ఎక్కడ చెడిపోయినా బాగుచేయగల మెకానిక్కు, ఏ ఊళ్లోనైనా దొరికే విడిభాగం... టాటాకి ఉన్న బలం అది. జపాన్ నాజూకుతనం దానిముందు నిలవడం కష్టమైంది. 1989లో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికెళ్లింది. కొన్నాళ్లు అదే బండి మహీంద్రా క్యాబ్‌కింగ్‌గా తిరిగింది. జహీరాబాద్ ఫ్యాక్టరీలో ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. ఆల్విన్ బొమ్మ ఒక్కటైనా ఉంటే, తెలుగువాళ్లు ఒకప్పుడు వ్యాను కూడా చేశారని చెప్పడానికి బల్లమీద సాక్ష్యం ఉండేది.

బొమ్మకింత ప్రాధాన్యమా అనిపిస్తే పాలకొల్లు చరిత్రలోనే ఓ జవాబుంది. 17వ శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం పెట్టుకుని బట్టల వ్యాపారం చేసింది. 1825లో ఆంగ్లేయులకు అప్పగించేదాకా ఈ ఊరికీ డచ్చివారికీ సంబంధం తెగలేదు. పక్కనున్న నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఆ రోజుల్లో పెద్ద పెద్ద ఓడలు కట్టేవారు. అదే డచ్ కంపెనీకి ‘ప్రిన్స్ విల్లెమ్’ అనే ఓడ ఉండేది. 1651 నాటి దాని నమూనా ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. అసలు ఓడ 1662లో మడగాస్కర్ దగ్గర సముద్రంలో కలిసిపోయింది. మూడు శతాబ్దాల తర్వాత, 1985లో, ఆ నమూనా ఆధారంగానే మళ్లీ నిండు ఓడను కట్టారు. 2009లో అదీ కాలిపోయింది. చిట్టి ఓడ మాత్రం అలాగే ఉంది! మరి మాధవాయపాలెం ఓడలు? వాటికి నమూనాలు చేసి దాచినవాళ్లు ఉండి ఉంటే మన పిల్లలకు ఎంత బాగుండేది!

వ్యాన్ల విషయంలో అంత ఆలస్యం కాలేదు. కానీ గడువు దగ్గరపడింది. 2021లో కేంద్రం వాహనాల తుక్కు విధానం తెచ్చింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ నుంచి చెల్లకుండా పోయింది. పాత బండి పొగ మంచిది కాదు కాబట్టి ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడానికీ లేదు. అయితే తుక్కు చేసేముందు కొలతలు తీసుకోవడానికి ఎవరూ అడ్డురారు కదా! టేపు, తెల్లకాగితం, నాలుగు వైపులా ఫొటోలు... ఒక పూట పని. కిట్ గీసేవాడికి ఇంజిను గుణగణాల కన్నా తలుపు వెడల్పు, దీపాల మధ్య దూరం, చక్రం నుంచి చక్రానికి ఎంత అన్నవే ముఖ్యం.

ప్లాస్టిక్ కిట్‌కి ఉక్కు అచ్చులు పోయాలంటే లక్షల్లో ఖర్చు. వేల పెట్టెలు అమ్ముడైతే తప్ప గిట్టదు. త్రీడీ ప్రింటింగ్ వచ్చాక యాభై, వంద ముక్కలు తీసుకోవడం కూడా వీలవుతోంది. అదీ వద్దంటే కొండపల్లి ఉండనే ఉంది. తెల్లపొణికి కర్రను ముక్కలుగా చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులేయడం అక్కడివాళ్లకు తరతరాల విద్య. ముక్కలు చేసి అతకడమే కదా కిట్ అంటే! కొండపల్లి ఎడ్లబండి ఎన్ని ఇళ్ల షోకేసుల్లో లేదు? ఎడ్లబండి తర్వాత ఊళ్లోకి వచ్చింది మెటాడోరే. షోకేసులోనూ దాని పక్క చోటు ఖాళీగానే ఉంది.

అయితే ఒక చిక్కుంది. ఏ రెండు మెటాడోర్లూ ఒకేలా ఉండవు. కంపెనీ నుంచి వచ్చిన బండికి స్థానిక వడ్రంగి, వెల్డరు కలిసి తొట్టి మార్చేస్తారు. ఒకరు పక్కబల్లలు ఎత్తుగా కట్టిస్తారు, ఇంకొకరు పైన ఇనుప చట్రం వేసి టార్పాలిన్ కప్పుతారు. కాబట్టి పెట్టెలో రెండు రకాల తొట్లు ఇవ్వడం న్యాయం. స్టిక్కర్ల సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. అద్దం మీద ఇలవేల్పు పేరు, వెనక ‘సౌండ్ హారన్ ప్లీజ్’, ముందు వేలాడే నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ. నంబరు పలక మీద పశ్చిమ గోదావరి గుర్తు ఏపీ 37 తప్పనిసరి. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయిపోయింది గానీ, ఈ బండ్ల కాలం అది కాదు.

ఇక లోడు. దానికి ఏ కంపెనీ ముక్కలూ అక్కర్లేదు. వలిచిన కొబ్బరికాయ పన్నెండు సెంటీమీటర్లనుకుంటే 1:24లో అది అయిదు మిల్లీమీటర్లు. అంటే సరిగ్గా మిరియపు గింజంత. వంటింట్లోంచి మిరియాల డబ్బా తెచ్చి తొట్టిలో ఒంపితే, మెటాడోర్ పాలకొల్లు బయల్దేరడానికి సిద్ధం!