బాలింతకు బలము వచ్చు క్రమము



ఈనిన ఆవును మరునాడే కాడికి కట్టు రైతు మన పూతలపట్టు ప్రాంతములో ఎవడైన నుండునా? పశువు విషయములో మనకున్న యీ తెలివి ఇంటి ఆడుబిడ్డ విషయములో ఒక్కొక్కప్పుడు లోపించుచున్నది.

మన ఆడుబిడ్డలు కొందరు ఇప్పుడు సైన్యములో సేవ చేయుచున్నారు. 2021 మే నెలలో బెంగళూరులో 83 మంది యువతులు తర్ఫీదు ముగించి సైనిక పోలీసు దళములో మొదటి మహిళా సిపాయిలైరి. అధికారిణులకున్నట్లే సిపాయి స్త్రీలకును 180 దినముల ప్రసూతి సెలవు ఇచ్చుటకు 2023 నవంబరులో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఆమోదించిరి. ఇది ఇద్దరు బిడ్డల వరకు వర్తించును.

మా సంఘములోని యొక సిపాయి బిడ్డ కాన్పుకు పుట్టింటికి వచ్చెను. రెండవ నెల నిండకమునుపే తెల్లవారుజామున పరుగెత్త నారంభించెను. “అయ్యగారూ, సెలవు తీరితే పరుగు పరీక్ష ఉంటుంది. వెనకబడితే నవ్వుతారు” అని నాతో ననెను. ఆమె తల్లి, “మూడు నెలలు మంచం దిగకూడదు, నీళ్లు ఎక్కువ తాగకూడదు” అని పట్టుపట్టెను. నాతో చెప్పని సంగతి ఆమె నా భార్యతో చెప్పెను: పరుగెత్తునప్పుడు క్రింద బరువుగా నుండి మూత్రము జారుచున్నదట. సిగ్గుచేత ఇంట దాచినది. నా భార్య ఆమెను డాక్టరమ్మ యొద్దకు తీసికొనిపోయెను.

డాక్టరమ్మ చెప్పినది మీరును వినుడి. గర్భసంచి మునుపటి పరిమాణమునకు వచ్చుటకు సుమారు 6 వారములు పట్టును. నెలల తరబడి బరువు మోసిన కటి కండరములును పొట్ట కండరములును గట్టిపడుటకు ఇంకను కాలము కావలెను. సుఖప్రసవమైనచో కొద్ది దినములకే మెల్లగా నడువవచ్చును. మూత్రము ఆపుకొనునట్లు కండరములను బిగించి వదలుట దినమునకు కొన్నిమారులు చేయవలెను. 3 నెలలు నిండకమునుపు పరుగు వద్దు; ఆ తరువాతను నడక నడుమ కొంచెము కొంచెముగానే. ఆపరేషను కాన్పైనచో మరింత నిదానము. బరువు, నొప్పి, మూత్రము జారుట, రక్తస్రావము కనబడినచో ఆగి చూపించుకొనవలెను. పాలిచ్చు తల్లికి నీళ్లు తగ్గింపరాదు. రాగి సంగటి, పప్పు, ఆకుకూర, గ్రుడ్డు పెట్టవలెను.

కూతురి తొందరయు, తల్లి భయమును రెండును ప్రేమలోనుండియే పుట్టినవి. అయితే క్రమము రెంటికిని మధ్యనున్నది. ఏలీయా అలసి బదరీవృక్షము క్రింద పడియున్నప్పుడు దేవుడు అతని నదలించి లేపలేదు. రెండుమారులు ఆహారమిచ్చి, నడుమ నిద్రపోనిచ్చి, పిమ్మటనే నలువది దినముల ప్రయాణమునకు పంపెను.

ఆ తల్లి దినమునకొక గంట మనుమరాలిని ఎత్తుకొని కూతురిని నడకకు పంపెను. ఐదవ నెలలో ఆ బిడ్డ చెరువుకట్టమీద బాధ లేక పరుగెత్తెను.

తల్లులారా, అత్తలారా, ఆ గంట మీరును ఇయ్యుడి. భర్తలారా, నీళ్ల బిందె మీరు మోయుడి. చెరకుతోటకు కూలికి పోవు బాలింత శరీరమునకును ఈ క్రమమే గదా! ఆమెకు జీతముతో 180 దినముల సెలవు వ్రాసియిచ్చువారు లేరు. ఆమెకు సెలవియ్యవలసినది మన యిండ్లే.