అర్జున్ గుండె ఎందుకు ఆగాలి?

'జెర్సీ' పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు రైల్వే స్టేషన్ సీన్ అందుకుంటారు. ముప్పై ఆరేళ్ల అర్జున్‌కి రంజీ జట్టులో చోటు దొరుకుతుంది. తిన్నగా స్టేషన్‌కి వెళ్తాడు. రైలు వచ్చేదాకా ఆగి, ఆ రొదలో ఎవరికీ వినపడకుండా గొంతు చించుకుని అరుస్తాడు. నాని నటించిన అన్ని సినిమాల్లోనూ అంతకన్నా మంచి నిమిషం లేదంటే ఒప్పుకోవచ్చు. ఆ ఒక్క నిమిషాన్ని చూపించి సినిమా మొత్తానికీ దణ్ణం పెట్టమంటేనే ఒళ్లు మండుతుంది. 2019లో విడుదలైంది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది, 2022లో షాహిద్ కపూర్‌తో హిందీకీ వెళ్లింది. ఇప్పటికీ దాన్ని ఒక్క మాటంటే ఇంటి పెద్దని అన్నట్టు చూస్తారు. అయినా అనక తప్పదు. గౌతమ్ తిన్ననూరి తీసిన మొదటి సగం తెలుగులో అరుదైన సినిమా. చివరి పావుగంట ఆ సగానికి చేసిన ద్రోహం.

మొదటి సగంలో ఏముంది? ఒకప్పుడు బ్రహ్మాండంగా ఆడినవాడు, పదేళ్ల కిందట బ్యాట్ పక్కన పడేసినవాడు, ఉన్న ఉద్యోగమూ పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నవాడు ఉన్నాడు. కొడుకు పుట్టినరోజుకి ఇండియా జెర్సీ అడుగుతాడు. ఖరీదు ఐదొందలు. తండ్రి దగ్గర ఆ ఐదొందలు లేవు. స్నేహితుల్ని అడుగుతాడు, చివరికి చెయ్యి భార్య పర్సు మీదికి పోతుంది. కథానాయకుడి చెయ్యి అక్కడిదాకా పోనిచ్చిన తెలుగు సినిమాలు ఎన్నున్నాయి? ప్రతి కాలనీలోనూ ఇలాంటి మనిషి ఒకడుంటాడు. సాయంత్రం పిల్లలు ఆడుకుంటుంటే గోడవార నిలబడి చూస్తాడు. "ఒకప్పుడు బాగా ఆడేవాడట" అని వెనక నుంచి ఎవరో అంటారు. ఎందుకు మానేశాడో అతనికీ సరిగ్గా తెలియదు. కొంత అహం, కొంత అలక, కొంత బద్ధకం, మిగతాది గడిచిపోయిన కాలం. ఆ మనిషిని నాని ఎంత నిజంగా పట్టుకున్నాడంటే, చూస్తున్నవాళ్లకి అతని మీద కోపం వస్తుంది. ఆ కోపం సినిమా సంపాదించుకున్న ఆస్తి.

దాన్ని చివర్లో ఒక్క డాక్టరు మాటతో తుడిచేశారు. గుండె లయ తప్పే జబ్బుంది, అందుకే ఆట మానేశాడు, చచ్చిపోతానని తెలిసే మళ్లీ ఆడాడు అన్నారు. అంతే, పదేళ్ల చేతకానితనం పదేళ్ల త్యాగమైపోయింది. పర్సులో చెయ్యి పెట్టినవాణ్ణి కోప్పడిన ప్రేక్షకుడు ఇప్పుడు కళ్లు తుడుచుకుంటూ మనసులో క్షమాపణ చెప్పుకోవాలి. ఎందుకు చెప్పుకోవాలి? ఓడిపోయినవాడు తన తప్పుతోనే ఓడిపోయి ఉంటే మాత్రం అతని మీద ప్రేమ పుట్టదా?

అర్జున్ భార్య సారా సంగతి మరీ అన్యాయం. హోటల్లో ఉద్యోగం చేసి ఇల్లు నడిపినదీ, ప్రతి రూపాయికీ లెక్క చూసినదీ, అతను తాగి పారేసిన కాలానికి మూల్యం కట్టినదీ ఆవిడే. శ్రద్ధా శ్రీనాథ్ ఆ అలసటని కనుబొమల మధ్య పెట్టుకుని నటించింది. ఆఖరి మలుపు తర్వాత ఆవిడ పదేళ్ల విసుగంతా అపార్థం కింద జమైపోతుంది. అర్జున్ పేరు పుస్తకానికెక్కింది. ఆవిడ డ్యూటీల లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

వాడిపోతున్న ఆటగాడి కథలో గుండెజబ్బు ఉండకూడదని ఎవరూ అనరు. డారెన్ అరొనాఫ్‌స్కీ 2008లో తీసిన 'ది రెజ్లర్'లోనూ ఉంది. అయితే అక్కడ ఆ సంగతి ముందే చెప్పేస్తారు. రింగులో 'ది రామ్'గా వెలిగిన రాండీ సూపర్‌మార్కెట్‌లో తూకం వేసి సలాడ్లు అమ్ముతాడు. చొక్కా మీది బిళ్లకి అతను మర్చిపోవాలనుకున్న అసలు పేరు రాసి ఉంటుంది. ఎన్నాళ్లకో దగ్గరైన కూతురితో భోజనానికి మాటిచ్చి, రాత్రంతా తాగి తిరిగి ఆ మాటే మరిచిపోతాడు. ఆ తప్పుకి ఏ జబ్బూ సాకు కాదు, సినిమా సాకు వెతకదు. పాత మల్లులు బల్లల వెనక కూర్చుని, ఫొటోల మీద సంతకాలు పెడుతూ, వచ్చీరాని అభిమానుల కోసం ఎదురుచూసే సీన్ ఒకటుంది. ఒకడికి కృత్రిమ కాలు, ఒకడికి చక్రాల కుర్చీ. రాండీ వాళ్లని ఒక్కొక్కరినీ చూస్తాడు, అంతే. మికీ రూర్క్ మొహం మీద ఆ చూపు చాలు, వంద మలుపులక్కర్లేదు.

'జెర్సీ' మీద ఇంకో ఫిర్యాదుంది, ఇది హైదరాబాదీ ఫిర్యాదు. అర్జున్ ఆట మానేసింది 1986లోనట. ఆ సంవత్సరమే దొరికిందా? హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది రెండే రెండు సార్లు, 1937-38లో ఒకసారి, 1986-87లో ఒకసారి. నలభై తొమ్మిదేళ్ల ఎదురుచూపు తర్వాత ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో ఢిల్లీ మీద ఫైనల్ గెలిచిన సీజన్ అది. తమిళనాడు మీద అబ్దుల్ అజీమ్ 303 నాటౌట్ కొట్టిన సీజన్ అది. అజీమ్ ఓపెనర్. ఇండియాకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. జట్టులో పేరు రాలేదని అలిగి, అదే సంవత్సరం, అదే ఊళ్లో బ్యాట్ విసిరేసినవాడి కథ రాశారే! మూడొందలు కొట్టినా పిలుపు రాక, మళ్లీ వచ్చే ఏడాది రంజీకి ప్యాడ్లు కట్టుకున్నవాడు పక్కనే ఉండగా కల్పన అవసరం ఏమొచ్చింది?

ఆ ఊళ్లో అలాంటివాళ్లు ఎందరో. కన్వల్జీత్ సింగ్ ఆఫ్ స్పిన్నర్. ఫస్ట్ క్లాస్‌లో మూడొందలకు పైగా వికెట్లు తీశాడు, నలభై దాటాక కూడా రంజీలో బంతి తిప్పుతూనే ఉన్నాడు. ఇండియా టోపీ తలకెక్కలేదు. అర్జున్ ముప్పై ఆరుకి మళ్లీ బ్యాట్ పడితే అద్భుతమన్నారు. కన్వల్జీత్‌కి ఆ వయసు కెరీర్ మధ్యలో ఎప్పుడో దాటిపోయింది.

ఇక డాక్టర్ ఎం.వి. శ్రీధర్. నిజంగానే వైద్యం చదివిన డాక్టరు. 1990-91 సెమీఫైనల్లో బొంబాయి తరఫున సంజయ్ మంజ్రేకర్ 377 కొట్టింది హైదరాబాద్ మీదే, పరుగెత్తి అలిసిన జట్టులో ఆ తరం వాళ్లంతా ఉన్నారు. మూడేళ్లకు, 1993-94లో, సికింద్రాబాద్ జింఖానా మైదానంలో హైదరాబాద్ 6 వికెట్లకు 944 కొట్టి డిక్లేర్ చేసింది. రంజీలో అంత స్కోరు అంతకుముందు ఏ జట్టూ చెయ్యలేదు. శ్రీధర్ 366, వివేక్ జైసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. శ్రీధర్ ఇండియాకి ఆడలేదు. ఆ తర్వాత క్రికెట్ బోర్డులో పనిచేశాడు. 2017 అక్టోబర్‌లో, 51 ఏళ్లకి, గుండెపోటుతో పోయాడు. ఆ గుండెకి కథతో పనిలేదు, ఎవరి తప్పునూ అది కడగలేదు.

జింఖానా ఎంత చిన్న మైదానమో చూసినవాళ్లకి తెలుసు. స్టేడియం అనిపించుకునే హంగేమీ ఉండదు, చెట్ల పక్కన నిలబడి చూడొచ్చు. ఆ 944 ఇచ్చుకున్నది ఆంధ్ర జట్టు. శ్రీధర్ క్రీజులోకి వచ్చేటప్పటికి స్కోరు 30, వెళ్లేటప్పటికి 880. ఒక్కడు నిలబడి ఉండగా అవతలివాళ్లు 850 పరుగులు చూశారు. ఒక్కసారైనా ఇండియా జెర్సీ వస్తుందేమోనని ఆశపడ్డవాళ్లు ఆ పదకొండు మందిలోనూ ఉండే ఉంటారు. ఓవర్ పూర్తయ్యాక అంపైర్ దగ్గర టోపీ తీసుకుని, ఫైన్ లెగ్‌కి నడిచి, అక్కడ నిలబడి, మళ్లీ పిలుపొస్తే టోపీ ఇచ్చేసి బంతి అందుకున్నారు.