బావకు నేను రాసిచ్చిన వ్యాసం

2016లో వినాయక చవితి సెలవులకు కాలేజీ నుంచి తాడిపత్రి వచ్చాను. అప్పుడు బీటెక్ మూడో ఏడాది. టిఫిన్ చేసి, చల్లగా ఉంటుందని నాపరాళ్ల బండల మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాను. పదకొండున్నర దాటింది. మా బావ దగ్గర్నుంచి వాట్సాప్ మెసేజ్.

‘‘బామ్మర్దీ, అర్జెంటుగా ఒక ఎస్సే కావాల. ఇంగ్లిష్‌లో వెయ్యి పదాలు. టైముకు రావడం ఎందుకు ముఖ్యం అనేదాని మీద. రేపటికల్లా పంపు.’’

పడీ పడీ నవ్వాను. మా బావ ఏ ఎనిమిదో తరగతో కాదు. అప్పటికే పాతికేళ్లు. ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ పోయి, అక్కడే అమెరికా సైన్యంలో చేరాడు. ‘మావ్నీ’ అని ఒక పథకం ఉండేది. 2009లో మొదలుపెట్టారు. గ్రీన్ కార్డు లేకపోయినా, స్టూడెంట్ వీసా లాంటివాటి మీద ఉన్నవాళ్లలో వాళ్లకు కావాల్సిన భాషలు వచ్చినవాళ్లను, వైద్య నిపుణులను చేర్చుకుని పౌరసత్వం ఇచ్చేవాళ్లు. 2016లోనే కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. బావ అంతకు ముందే ఎక్కేశాడు. అట్లాంటి సైనికుడికి ఇంపోజిషనా!

విషయం ఏమిటంటే, ఉదయం ఆరున్నరకు పీటీకి హాజరు కావాలి. బావ ఒకే నెలలో మూడుసార్లు లేటు. వాళ్ల సార్జెంట్ కూర్చోబెట్టి ఒక ఫారం నింపి, వ్యాసం రాసుకురమ్మన్నాడట.

రాసిచ్చాను. పది వెబ్‌సైట్లు తెరిచి, గాంధీ గారి గడియారంతో మొదలుపెట్టి, కాలం విలువ మీద దొరికిన కొటేషన్లన్నీ కలిపి 1,012 పదాలు లాగాను. సెమినార్ రిపోర్టులు అట్లా చేయడంలో మా బ్యాచ్‌లో నాకు పేరుంది. బావ థ్యాంక్స్ చెప్పి ప్రింట్ తీసి ఇచ్చాడు.

రెండు రోజులకు కాగితం వెనక్కి వచ్చింది. సార్జెంట్ తిట్టలేదట. ‘‘ఇందులో నువ్వెక్కడున్నావు?’’ అని మాత్రం అడిగాడట.

మనకు ఇది వింతగా ఉంటుంది కానీ అక్కడ మామూలే. అమెరికా సైన్యంలో సార్జెంట్‌కు తనంతట తాను శిక్ష వేసే అధికారం లేదు. జీతం కోయాలన్నా, ర్యాంకు తగ్గించాలన్నా కమాండర్ దాకా పోవాలి. వాళ్ల సైనిక చట్టంలో దానికి పదిహేనో ఆర్టికల్ అని ఉంది. సార్జెంట్ చేతిలో ఉండేది కౌన్సెలింగ్, దిద్దుబాటు శిక్షణ. దిద్దుబాటుకు నిబంధన స్పష్టంగా ఉంది. ఏ తప్పు జరిగిందో దానికి నేరుగా సంబంధం ఉన్న పనే చెప్పాలి. యూనిఫాం సరిగా వేసుకోనివాడికి యూనిఫాం గురించే నేర్పించాలి. లోపం పోయాక శిక్షణ ఆపేయాలి. శిక్షణతో సరిపోయిన లోపాన్ని అధికారిక రికార్డులో ఎక్కించకూడదు. వ్యాసం రాయించడం ఈ దారిలోనే అలవాటయింది.

ఇక ఆ ఫారం. పేరు డీఏ 4856. నేను తర్వాత దాన్ని వెతికి చదివాను. ఎందుకు పిలిచారు, ఏం మాట్లాడుకున్నారు, ఇప్పుడు ఏం చేయాలి అని వరసగా గడులుంటాయి. సైనికుడు ఒప్పుకుంటున్నాడా, లేదా అని టిక్ పెట్టడానికి ఒక చోటు, తన మాట రాసుకోవడానికి ఒక చోటు. దాని కింద ఇంకో గడి: ఈ మార్పు రావడానికి పైవాడు ఏం చేస్తాడు? అది సార్జెంట్ తన గురించి తాను రాసుకోవాల్సింది. ఆ గడి చూసి నేను కాసేపు ఆగిపోయాను.

అంతా బాగుందని కాదు. మూడు నాలుగు ఫారాలు పోగుచేసి, వాటినే సాక్ష్యంగా పెట్టి ఇంటికి పంపడం కూడా అక్కడ ఉంది. అందుకే ఆ కాగితం కనబడగానే కుర్రాళ్లు భయపడతారు. పైగా వ్యాసం అన్ని తప్పులకూ మందు కాదు. 2024 మే 19న పుణెలో పదిహేడేళ్ల పిల్లవాడు పోర్షె కారుతో గుద్ది ఇద్దరిని చంపితే, జువెనైల్ జస్టిస్ బోర్డు రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయమని చెప్పి బెయిల్ ఇచ్చింది. చనిపోయిన ఇద్దరూ నాలాంటి ఐటీ ఉద్యోగులే. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. రెండు ప్రాణాలు పోయినచోట వ్యాసం ఏమిటి? పీటీకి పావుగంట లేటయినవాడి సంగతి వేరు. అక్కడ తెలుసుకోవాల్సింది ఒక్కటే, ఎందుకు లేటవుతోంది అని.

బావ రెండోసారి తానే రాశాడు. ఏం రాశాడో నాకు అప్పుడు చెప్పలేదు. దసరాకు మళ్లీ ఊరికొచ్చినప్పుడు మామ వాళ్లింట్లో వీడియో కాల్‌లో తెలిసింది.

మా అత్తకు ఆ ఏడాది కిడ్నీలు పాడైనాయి. వారానికి మూడు రోజులు అనంతపురంలో డయాలసిస్. తెల్లవారుజామున బయల్దేరితే, మిషన్ మీంచి దిగేసరికి పదకొండున్నర. అక్కడ అప్పుడు రాత్రి ఒంటిగంట. అమ్మ గొంతు వినందే బావకు నిద్ర పట్టదు. ఆమెతో మాట్లాడి పడుకునేసరికి రెండు. ఐదున్నరకు లేవాలి. నాకు వ్యాసం అడిగిన మెసేజ్ కూడా ఆ వేళకే వచ్చింది. అక్కడ టైము ఎంతయి ఉంటుందో నేను లెక్కే వేయలేదు. గాంధీ గారి గడియారం గురించి మాత్రం పేజీన్నర రాశాను.

ఈ సంగతి బావ యూనిట్‌లో ఎవరికీ చెప్పలేదు. సైనికుడన్నవాడు ఇంటి కష్టాలు చెప్పుకోకూడదని మామ పెంపకం. కాగితం మీదయితే చెప్పగలిగాడు. సార్జెంట్ చదివి, ఫారంలో తన గడిలో రెండు లైన్లు రాశాడు. డయాలసిస్ ఉన్న రోజులకు మర్నాడు పొద్దున బావకు వేరే వేళలో పీటీ చూసే బాధ్యత తనది. అత్యవసరమైతే ఇంటికి పోవడానికి సెలవు సంగతి పైవాళ్లతో మాట్లాడే బాధ్యతా తనదే. బావ వైపు గడిలో: లేటయితే ముందు రాత్రే మెసేజ్ పెట్టాలి. మళ్లీ లేటు కాలేదు.

బావ ఇదంతా చెప్తుంటే మంచం మీద కూర్చున్న మామ వింటున్నాడు. ఆయన మన సైన్యంలో హవల్దార్‌గా రిటైరైనాడు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్. మాటలు తక్కువ. ఆ రోజు ఉన్నట్టుండి అన్నాడు:

‘‘మాకూ ఒక కాయితం ఇచ్చింటే ఏం రాసిందుమో.’’

అప్పుడు బయటపడింది. 1996 ఎండాకాలం. సెలవు మీద వచ్చినాడు. చేలో బోరు వేయించాలి. బోరు బండి రేపు మాపు అంటూ వారం లేటుగా వచ్చింది. మూడు వందల అడుగులు దింపినా తెల్ల దుమ్మే లేచింది గానీ తడి తగల్లేదు. అప్పు మాత్రం నిలబడింది. వాళ్ల నాయన చేను గట్టు మీద కూర్చుని లేవనంటే, ఆయన్ను వదిలి రైలెక్కలేకపోయాడు. గుంతకల్లు పోయి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ పట్టుకునేసరికి సెలవు ఐదు రోజులు దాటిపోయింది.

‘‘టోపీ, బెల్టు తీపిచ్చి సీఓ సాబ్ ముందర నిలబెట్టినారు. ఏమన్నా చెప్పుకునేదుందా అని అడిగినాడు ఆయన. నాకు వచ్చే హిందీ ఎంతనీ? బోరు, అప్పు, మా నాయనా... ఇవన్నీ హిందీలో ఎట్ల చెప్పాల? ‘నహీ సాబ్, గల్తీ హో గయీ’ అంటి. ఏడు దినాలు క్వార్టర్ గార్డులో పెట్టినారు. కాండక్ట్ షీట్‌లో ఎర్ర సిరా పడింది. తప్పు నాదే గద.’’

అత్త అప్పటిదాకా నోరు మెదపలేదు. ‘‘ఉత్తరం రాకపాయె, పని ఎక్కువుందేమో అనుకుంటి’’ అనింది. ఇరవయ్యేళ్లు ఆమెకు కూడా చెప్పలేదాయన.

ఆ రాత్రి కూర్చుని నెట్‌లో మన సైనిక చట్టం చదివాను. అది 1950 మే 20 నాటిది. అమెరికా వాళ్ల సైనిక నేర స్మృతి మీద ట్రూమన్ సంతకం పెట్టింది అదే ఏడాది మే 5న. పదిహేను రోజుల తేడా. మన చట్టంలో 80వ సెక్షన్ ప్రకారం కమాండింగ్ ఆఫీసర్ 28 రోజుల దాకా నిర్బంధం వేయొచ్చు. మామకు పడింది ఏడు రోజులే. సెలవు దాటడం గురించి చెప్పేది 39వ సెక్షన్. అందులో ‘తగిన కారణం లేకుండా’ అనే మాట ఉంది. అంటే కారణం చెప్పుకోవడానికి చట్టమే చోటు ఉంచింది. సీఓ కూడా అడిగాడు. మామ దగ్గర మాటలు లేవు. అదే ఆయనకు ఒక పూట టైమిచ్చి, నీకొచ్చిన భాషలో రాసుకురా అని ఉంటే?

ఎర్ర సిరా చిన్న విషయమేం కాదు. అట్లాంటి ఎంట్రీలు నాలుగు పడితే సైనికుణ్ణి సర్వీసు నుంచి తీసేసే ప్రక్రియ మొదలుపెట్టొచ్చు. నాలుగు పడ్డాయి కదా అని కళ్లు మూసుకుని పంపేయడానికి లేదని సుప్రీంకోర్టు 2015 అక్టోబర్‌లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో తేల్చింది. ఎన్నేళ్లు పనిచేశాడు, ఎంత కష్టమైన చోట్ల పనిచేశాడు, తప్పు ఎట్లాంటిది అని చూడాలంది. మామకు పడింది ఒక్కటే. దాని పక్కన బోరు సంగతి మాత్రం ఎక్కడా ఉండదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఆ మధ్య నేనే సార్జెంట్ కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది.

బెంగళూరు కంపెనీకి తాడిపత్రి నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నాను. నా టీమ్‌లో ఒక ఫ్రెషర్ అమ్మాయి. శుక్రవారం సాయంత్రం రిలీజ్‌లో పాత కాన్ఫిగ్ ఫైలు ఎక్కించింది. నలభై నిమిషాలు పేమెంట్లు ఆగిపోయాయి. ఇట్లాంటిది మూడోసారి. ‘‘ఆమెతో రూట్ కాజ్ రాయించు, హెచ్‌ఆర్‌కు పంపుదాం’’ అన్నాడు మేనేజర్.

రెండు పేజీలు పంపింది. చక్కటి ఇంగ్లిష్. ‘ఇకపై మరింత జాగ్రత్తగా’, ‘పటిష్టమైన ప్రక్రియ’... ఏఐతో రాయించిందని మొదటి పేరాలోనే అర్థమైంది. కోపం రావాల్సింది, రాలేదు. నా 1,012 పదాలు గుర్తొచ్చాయి.

ఫోన్ చేసి, ‘‘ఇది పక్కన పెట్టమ్మా. ఆ రోజు నాలుగు నుంచి ఆరు దాకా ఏం చేశావో తెలుగులోనైనా సరే, నీ మాటల్లో రాయి. క్షమాపణ వద్దు’’ అన్నాను. అర పేజీ వచ్చింది. అందులో మూడో లైను: ‘చెక్‌లిస్ట్ పాతదేమోనని మీకు రెండుసార్లు చాట్‌లో అడిగాను సార్.’

వెతికి చూశాను. నిజమే. రెండుసార్లూ నేను బొటనవేలు గుర్తు పెట్టి వదిలేశాను. కొత్త చెక్‌లిస్ట్ ఎక్కడా లేదు, నా తలలో తప్ప.

రిపోర్ట్‌లో కింద ఇంకో గడి గీసి నా పేరు రాశాను. నేను చేయాల్సింది ఏమిటి, ఏ తేదీలోపు అని. ‘‘ఇదెందుకయ్యా?’’ అన్నాడు మేనేజర్. అయినా పంపాను. ఆ ఏడాది నా రేటింగ్ ఒక మెట్టు తగ్గింది. ఇంటి లోన్ ఈఎంఐ కట్టేవాణ్ణి, బాధ లేదని చెప్తే అబద్ధం. ఆ అమ్మాయి ఉద్యోగం ఉంది. రిలీజులు ఇప్పుడు ఆమే చూస్తోంది.

అత్త 2019లో పోయింది. బావ సైన్యం నుంచి బయటికొచ్చి ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న అడిగాను, ఆ రెండో వ్యాసం ఉందా అని. పెట్టెలో ఉందని ఫొటో తీసి పంపాడు. మూడు వందల చిల్లర పదాలు, చేతిరాత. నేను దాన్ని తెలుగులో మామకు చదివి వినిపించాను.

‘‘ఆ సార్జెంటు ఇదంతా నిజంగా చదివినాడంటావా అల్లుడూ?’’ అని అడిగాడు.

ఫొటోను పెద్దది చేసి చూపించాను. రెండు చోట్ల స్పెల్లింగ్ తప్పులు నీలం పెన్నుతో దిద్ది ఉన్నాయి.