సలేశ్వరం నుంచి తిరిగెక్కిన దారి

ఫిల్మ్‌నగర్‌లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. థర్మాకోల్ కోసి, రంగు వేసి కొండలు చేస్తాను. షూటింగ్ లేని పొద్దుల్లో కేబీఆర్ పార్కు చుట్టూ నడుస్తాను. ఆ నడక అలవాటు చాలనుకుని, 2022 చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతరకు ఒక్కడినే బయల్దేరాను.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి చోటది. ఏడాదికి ఆ కొద్ది రోజులే జనాన్ని వదులుతారు. ఫరహాబాద్ గేటు దాటి, బండి ఆగినచోటి నుంచి కాలినడక. "వస్తున్నాం లింగమయ్యా" అని అందరితో కలిసి అరుస్తూ లోయలోకి దిగుతుంటే అలుపే తెలియలేదు. జలధార కింద తలంతా తడుపుకుని, చెంచు పూజారుల దగ్గర దండం పెట్టుకున్నాను. నా లీటరు సీసా అప్పటికే ఖాళీ. పైన దొరుకుతాయిలే అని నింపుకోలేదు.

పన్నెండు దాటాక ఎక్కడం మొదలుపెట్టాను. ఒకపక్క బండ, ఒకపక్క లోయ, మధ్యన మనిషి పట్టేంత దారి. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఎదురుపడి ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం. ముందున్నామె భుజాన సంచిలోని కొబ్బరిచిప్ప నా గడ్డానికి గుచ్చుకుంటోంది. బండకు చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. కాసేపటికి చెమట ఆగిపోయింది. అంత ఎండలో చలేసి, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. హాయిగా ఉందనుకున్నాను. అది వడదెబ్బ అని తర్వాత డాక్టర్ చెప్పాడు. పిక్కలు పట్టేశాయి, నాలుక అంగిలికి అంటుకుపోయింది. కూలబడితే తొక్కేస్తారన్న భయమే నన్ను నిలబెట్టింది.

ఒక చెంచు పెద్దాయన రెక్క పట్టి బండచాటు నీడలోకి లాగాడు. తువ్వాలు తడిపి మెడమీద వేసి, సీసా అందించాడు.

"గుటగుట తాగకు బిడ్డా. నోట్ల పోస్కొని మెల్లగ మింగు."

పొద్దు వాలేదాకా నా పక్కనే కూర్చున్నాడు. పైదాకా నడిపించాడు. డబ్బులు తీస్తే నా చెయ్యి మడిచి, "ఇంటికి పో" అన్నాడు.

మరుసటేడు, 2023 జాతరలో భక్తులు చనిపోయారన్న వార్త చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ ఇరుకు దారే కళ్లముందు కదిలింది.

సలేశ్వరం వెళ్లేవాళ్లకు నా మనవి ఒకటే. పొద్దున్నే దిగండి, ఎండ ముదరకముందే ఎక్కండి. తిరుగుదారి పట్టేటప్పుడు సీసా నిండుగా ఉండాలి. అందులో కాస్త ఉప్పూ చక్కెరా కలపండి.